ఎరుపు నిలవాలంటే: విశాఖలో అక్వేరియం రొయ్యలకు ఏ దారి మేలు?

గత ఏడాది సంక్రాంతి సెలవుల్లో మా తొట్టిలో ఒక గోధుమరంగు రొయ్యపిల్ల కనిపించింది. గోరంత ఉంది. జావా మాస్ అనే నీటినాచు మీద కూర్చుని ముందుకాళ్లతో ఏదో గీరుకుని తింటోంది. ఒళ్లంతా గాజులా ఉండి, వీపు మీద మాత్రం టీ మరకలాంటి చారలున్నాయి. ఎర్ర చెర్రీ రొయ్యలు పది, నీలంవి పది కలిపి వేసి అప్పటికి మూడు నెలలు. రెండు రంగులూ పచ్చని నాచు మధ్య తిరుగుతుంటే ఇంటికొచ్చిన ప్రతివారినీ తొట్టి ముందు నిలబెట్టి చూపించినవాణ్ణే నేను. ఫిబ్రవరికి అలాంటి పిల్లలు డజను అయ్యాయి. ఎండాకాలం వచ్చేసరికి తొట్టిలో సగం అవే.

"వీటికి జబ్బు చేసిందా నాన్నా?" అంది మా అమ్మాయి.

జబ్బేమీ లేదు, నిక్షేపంగా ఉన్నాయి. తాతముత్తాతల రంగుకు వెళ్లిపోయాయి, అంతే.

రంగు నిలబెడతామంటూ దుకాణాల్లో అమ్మే సరుకుకు లోటు లేదు. రంగుల మేత, గులాబీ కాంతి దీపం, నల్ల మట్టి, వాటికి తోడు ఖరీదైన జాతులు. ఫ్లాటులో చోటు తక్కువ, నెలాఖరున చేతిలో డబ్బు ఇంకా తక్కువ. అన్నీ ఒకేసారి కొనలేనివారికి ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు అక్కర్లేదు అన్నదే అసలు లెక్క. నా మటుకు నేను మొదటి ఖర్చు రెండో తొట్టి మీద పెట్టమంటాను. మేత పొట్లం వంతు ఆ తర్వాత ఎప్పుడో. ఎందుకో తెలియాలంటే రంగు ఎక్కడినుంచి వస్తుందో ముందు చూడాలి.

మూకుట్లో కనిపించే రహస్యం

ఫిషింగ్ హార్బర్ దగ్గరో, పూర్ణా మార్కెట్లోనో ఐసు మీద పరిచిన టైగర్ రొయ్య ఎలా ఉంటుంది? బూడిద, నలుపు, వెలుతురు పడితే కాస్త నీలం. మూకుట్లో వేసిన రెండు నిమిషాలకు నారింజ ఎరుపు. ఆ ఎరుపు కారం వల్ల వచ్చింది కాదు, నూనె వల్ల వచ్చిందీ కాదు. అస్టాజాంథిన్ అనే వర్ణకం దాని ఒంట్లో మొదటినుంచీ ఉంది. బతికున్నప్పుడు ఒక ప్రొటీన్ దాన్ని పట్టి ఉంచి నీలంగా కనిపించేలా చేస్తుంది. వేడికి ప్రొటీన్ చెదిరిపోగానే లోపలి ఎరుపు బయటపడుతుంది.

ఈ వర్ణకానికి ముడిసరుకును రొయ్య తన ఒంట్లో పుట్టించుకోలేదు. నాచు నుంచో, నాచు తిన్న జీవుల నుంచో, కెరోటిన్ ఉన్న ఆకు నుంచో రావాలి. అంతవరకూ అది మేత చేసే పని. వచ్చిన వర్ణకాన్ని ఒంట్లో ఎక్కడెక్కడ, ఎంత దట్టంగా నింపాలన్నది పుట్టుకతోనే రాసి ఉంటుంది. దాన్ని మార్చగలిగేది తరతరానికీ మనం చేసే ఏరివేత, అంటే మంచి రంగువి ఉంచి మిగతావి తీసేయడం, ఒక్కటే. ఇక రంగుకణాలు విచ్చుకోవాలా ముడుచుకోవాలా అన్నది కంటికాడల్లో ఊరే హార్మోన్ల చేతిలో ఉంది. తెల్ల ఇసుక మీద వెలవెలబోయిన రొయ్యే నల్లరాళ్ల మీద వేస్తే నిగనిగలాడేది అందుకే.

మేత వల్ల వచ్చే మెరుపును పుట్టుకతో వచ్చే రంగుగా చూపించి అమ్మడమే ఈ వ్యాపారంలో జరిగే పెద్ద గారడీ. కెరోటిన్ ఎంత పెట్టినా గాజుఒంటి రొయ్య ఎర్రబారదు. మంచి ఎరుపున్న రొయ్యకు మేత సరిగా లేకపోతే మాత్రం పాలిపోతుంది.

చెర్రీయా, క్రిస్టలా?

కొత్తగా మొదలుపెట్టేవారికి మొదటి చిక్కు ఇక్కడే. ఫోటోల్లో ఎరుపు తెలుపు పట్టీలతో మెరిసే క్రిస్టల్ రెడ్ ముందు చెర్రీ సాదాగా కనిపిస్తుంది. నేనూ ఆశపడ్డాను.

చెర్రీ అంటే నియోకారిడినా డేవిడి. చైనా, తైవాన్, కొరియా ప్రాంతాల మంచినీటి వాగుల్లో ఉండే గోధుమరంగు రొయ్య నుంచి మనుషులు ఏరి ఏరి తీసిన రకం. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) 6.5 నుంచి 8 దాకా, జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గట్టిదనం) 6 నుంచి 8 చుట్టూ, టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) 150 నుంచి 300 వరకు ఉంటే సర్దుకుంటుంది. 20 నుంచి 26 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, అంతకన్నా కొన్ని డిగ్రీలు పెరిగినా ఓర్చుకుంటుంది.

క్రిస్టల్ రెడ్ వేరే వంశం. 1990ల్లో జపాన్‌లో హిసయాసు సుజుకి అనే పెంపకందారు నల్లచారల బీ రొయ్యల్లో పుట్టిన ఎర్రదాన్ని పట్టుకుని, దాని సంతానాన్ని ఓపికగా వేరుచేసి స్థిరపరిచిన రకం ఇది. దీనికి మెత్తని, కాస్త ఆమ్లగుణం ఉన్న నీరు కావాలి. పీహెచ్ 5.8 నుంచి 6.8, కేహెచ్ (కార్బొనేట్ల వల్ల వచ్చే గట్టిదనం) సున్నా నుంచి 1, టీడీఎస్ 100 నుంచి 150 మధ్య ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం చల్లదనం. 20 నుంచి 24 డిగ్రీల మధ్యే ఉండాలి.

ఇప్పుడు మన ఊరి సంగతి. విశాఖలో మే నెలలో పగటి ఎండకన్నా రాత్రి ఉక్క ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సముద్రపు గాలి పగటి వేడిని ఎంత తగ్గిస్తుందో రాత్రి చల్లబడనీయకుండా అంతే అడ్డుపడుతుంది. తొట్టికి ఊపిరి తీసుకునే వేళ ఉండదు. సీతమ్మధారలో మా హాల్లో పెట్టిన తొట్టి మే నెల పొడుగునా 30, 31 డిగ్రీల దగ్గరే నిలిచింది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే, 30 డిగ్రీల నీటిలో 7.5 మాత్రమే నిలుస్తుంది. వేడికి రొయ్య ఒంటి జోరు పెరిగి ఎక్కువ ఆక్సిజన్ కావలసినప్పుడే నీటిలో అది తగ్గుతుందన్నమాట.

చిన్న ఫ్యాను పెట్టి నీటి మీదికి గాలి తోలితే చల్లబడుతుందని పుస్తకాలు చెబుతాయి. పొడి గాలి ఉన్న ఊళ్లలో అది బాగా పనిచేస్తుంది. ఇక్కడి తేమకు నాకు దక్కింది రెండు డిగ్రీలు, ఒక్కోరోజు అదీ లేదు. పైగా ఆవిరైన నీటి స్థానంలో కుళాయి నీరు పోస్తూపోతే లవణాలు పేరుకుని టీడీఎస్ పైకి ఎగబాకుతుంది. తగ్గిన మట్టాన్ని ఆర్వో నీటితోనే నింపాలి.

కాబట్టి విశాఖలో క్రిస్టల్ పెంచడమంటే చిల్లరు (నీటిని చల్లబరిచే యంత్రం) కొనడమో, పగలూ రాత్రీ ఏసీ నడిచే గదిలో తొట్టి పెట్టడమో. దానికి తోడు ప్రత్యేకమైన మట్టి కావాలి, దాని శక్తి ఏడాదీ ఏడాదిన్నరకు అయిపోతుంది. నీరు మొత్తం ఆర్వోదే, అందులో లెక్కగా ఖనిజాలు కలపాలి. ఇవన్నీ చేయగలవారు ఉన్నారు, చేసినవారి తొట్టి చూస్తే కళ్లు తిప్పుకోలేము. అయితే కరెంటు మీద అంతగా ఆధారపడే జీవిని తుపానుల ఊరిలో పెంచే ముందు ఒకసారి ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఈ నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. స్పాంజ్ ఫిల్టరుకు బ్యాటరీ ఎయిర్ పంపు తగిలించి చెర్రీలను గట్టెక్కించవచ్చు. చిల్లరును అలాంటి చిన్న బ్యాటరీతో నడపలేము.

వేడి నీటిని ఇష్టపడే సులవేసి రొయ్యలు, అంటే ఇండోనేషియాలోని సులవేసి దీవి సరస్సులవి, ఉన్నాయి కదా అని ఎవరైనా అంటారు. 27 నుంచి 30 డిగ్రీలు వాటికి సరిగ్గా సరిపోతాయి, నిజమే. కానీ వాటి చుక్కలు సరస్సు ఇచ్చినవి, మనుషులు ఏరి తీర్చినవి కావు. పిల్లలూ తక్కువే. రంగును మన చేత్తో మెరుగుపరుచుకోవాలన్న సరదా వాటితో తీరదు.

నా ఓటు చెర్రీకే. మా కుళాయి నీటికి టీడీఎస్ మీటరు 210 చూపించింది, అంటే క్లోరిన్ పోగొడితే చాలు, దాదాపు అలాగే వాడుకోవచ్చు. బీచ్ రోడ్డుకు దగ్గర్లో బోరు నీటి మీద ఆధారపడే అపార్ట్‌మెంట్ల కథ వేరు. మా స్నేహితుడి ఇంట్లో అదే మీటరు 900 దాటింది. అలాంటి చోట ఆర్వో నీరు సగానికి పైగా కలపక తప్పదు. ఇంట్లో మీటరు లేకపోతే ఆర్వో మెకానిక్ వచ్చినప్పుడు ఒక గ్లాసు చేతికివ్వండి, నిమిషంలో చెబుతాడు.

ఎరుపు, నీలం, పసుపు

నీలం, పసుపు కూడా చెర్రీ జాతివే కాబట్టి ఏ రంగు అన్నది రెండో ప్రశ్న. రంగు నిలవడం పరంగా అన్నీ ఒక్కలాంటివి కావు.

ఎరుపు పాతకాపు. చాలా తరాలుగా ఏరుతూ వస్తున్నందువల్ల పిల్లల్లో తేడా తక్కువ. చెర్రీ, సకురా, ఫైర్ రెడ్, పెయింటెడ్ ఫైర్ రెడ్ అని మెట్లున్నాయి. కింది మెట్టులో పక్కల గాజులాంటి ఖాళీలు కనిపిస్తాయి, పై మెట్టులో కాళ్లకు కూడా రంగు పట్టి ఉంటుంది. బ్లడీ మేరీ అనే ఇంకో ఎరుపుంది. దాని రంగు పైపెంకులో కాక కండలో ఉంటుంది, అందుకే దానిమ్మ గింజలా లోతుగా మెరుస్తుంది. చాక్లెట్ రంగు రొయ్యల నుంచి తీసిన వరస అది. చూడటానికి రెండూ ఎరుపే కాబట్టి కలిపేయవచ్చనుకుంటే పొరపాటు. మూలాలు వేరు, కలిస్తే పిల్లలు ఎటైనా పోతాయి.

నీలం అందంలో ముందు, నమ్మకంలో వెనక. బ్లూ డ్రీమ్ అని తెచ్చిన గుంపులో మంచి నీలాలు పుడతాయి, నల్లబడినవీ పుడతాయి, అప్పుడప్పుడు గోధుమవి, ఎర్రవి కూడా. ప్రతి ఈతలోనూ ఏరాలి, ఏరిన గుంపు కూడా పెద్దదవుతుంది. ఓపిక ఉన్నవారికి మాత్రమే.

పసుపు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. స్థిరంగానే ఉంటుంది, వయసు మళ్లిన ఆడవాటి వీపు మీద బంగారు గీత వస్తుంది, చీకటి మూలలో కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లలున్న ఇంటికి బాగుంటుంది.

కలగలుపు తొట్టి గురించి మొదట్లోనే చెప్పేశాను. అన్ని రంగులూ ఒక్కచోట ఉంటే చూడముచ్చటే, కానీ అది ఒక్క తరం ముచ్చట. ఈ రంగుల్లో చాలావరకు వేర్వేరు జన్యు మార్పుల వల్ల వచ్చినవి. ఎరుపులో ఉన్న లోపాన్ని నీలం పూడ్చి, నీలంలో ఉన్నదాన్ని ఎరుపు పూడ్చి, పిల్ల మళ్లీ వాగులోని రొయ్యలా పుడుతుంది. రెండు రంగులు కావాలంటే రెండు తొట్లు పెట్టాలి. చెర్రీ, క్రిస్టల్ మాత్రం ఒకదానితో ఒకటి జతకట్టవు. కానీ వాటి నీళ్లే కలవవు కాబట్టి ఆ సంగతి మనకు అక్కరకు రాదు.

ఐదు మేలిమివా, ఇరవై మధ్యరకమా?

అదే డబ్బుకు పైమెట్టువి ఐదు వస్తాయి, మధ్యమెట్టువి ఇరవై వస్తాయి. నేను ఇరవై వైపే. ఐదింటిలో రెండు కొరియరులోనే నీరసించి పోవచ్చు, మిగిలిన మూడూ ఆడవే కావచ్చు. పైగా మూడు రొయ్యల నుంచి లేచిన గుంపులో ఏరడానికి వైవిధ్యమే ఉండదు. ఇరవైలో అయితే మంచివీ, నాసివీ కలిసి ఉంటాయి, మన కంటికి పని దొరుకుతుంది.

దుకాణంలో కొంటే ఒక మాట. అక్కడ నల్ల అడుగు, గులాబీ దీపం కింద ప్రతి రొయ్యా కెంపులాగే ఉంటుంది. తెల్ల ప్లాస్టిక్ కప్పులో వేసి గుమ్మం దగ్గరి పగటి వెలుతురులో చూపించమని అడగండి. "ఎందుకు సార్, ఇంటికెళ్లాక రంగు వస్తుంది" అని ఒకచోట నాకు జవాబు వచ్చింది. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ప్రయాణపు బెదురుకు రొయ్య పాలిపోతుంది, వారం పది రోజుల్లో తేరుకుంటుంది. కానీ పక్కల గాజుఖాళీలున్నది ఎన్ని వారాలైనా నిండదు. కప్పులో చూస్తే ఏది బెదురో ఏది పుట్టుకో కొంత తెలుస్తుంది. బెదిరినదానికి రంగు పలచగా ఉన్నా ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది. నాసిదానికి చుక్కలు చుక్కలుగా విడిపోయి ఉంటుంది.

చిన్న వయసువే కొనాలి. చెర్రీ ఆయుష్షు ఏడాది నుంచి రెండేళ్లు. నిండుగా, పెద్దగా, ఎర్రగా కనిపించే ఆడరొయ్య బహుశా సగం ఆయుష్షు గడిపేసినదే.

ఏరివేత

ఇక్కడ కాస్త నిలబడాలి. మిగతావన్నీ డబ్బుతో అయ్యేవి, ఇది కంటితో అయ్యేది.

బంగారం పనిచేసేవారు వన్నె అంటారు. ఆ ఒక్క మాటలో రంగూ ఉంది, మేలిమీ ఉంది. రొయ్యల వన్నె చూడటానికి నా గీటురాయి ఒక తెల్ల మగ్గు. నెలకొక ఆదివారం పొద్దున, బాల్కనీలోకి ఎండ నేరుగా రాకముందు, ఏరివేత పెట్టుకుంటాను. వలతో వెంటపడితే అన్నీ బెదిరి పాలిపోతాయి, అప్పుడు వన్నె చూడటం దండగ. అందుకని ఉడికించిన పాలకూర ఆకు ఒకటి చిన్న గాజుగిన్నెలో వేసి తొట్టి అడుగున పెడతాను. పావుగంటలో గిన్నె నిండా చేరతాయి. మెల్లగా పైకి ఎత్తి మగ్గులో వంపుకోవడమే.

మగ్గులో ఒక్కొక్కదాన్ని మూడు చోట్ల చూస్తాను. తల వెనక పక్కభాగం మొదటిది. రంగు పలచబడేది ముందు అక్కడే. రెండోది పెంకు కింది అంచు, గుడ్లు మోసే రెక్కల దగ్గర. మూడోది కాళ్లు. ఫోను టార్చి పక్కనుంచి వేస్తే వెలుతురు ఒంట్లోంచి ఎంత దూసుకుపోతుందో తెలుస్తుంది. మెడ వెనక పసుపుపచ్చని జీనులా కనిపించేది ఆడరొయ్య అండాశయం. అది స్పష్టంగా కనిపిస్తోందంటే పైరంగు పలచనని అర్థం. దట్టమైన ఎరుపున్న ఆడదానిలో జీను కనిపించదు.

మొదట్లో నేను చేసిన తప్పు మగవాటిని ఆడవాటి కొలతతో కొలవడం. మగవి సన్నగా, చిన్నగా, సహజంగానే లేతగా ఉంటాయి. ఆ లెక్కన ఏరితే తొట్టిలో మగరొయ్యే మిగలదు, రెండు నెలలు గుడ్లే కనిపించక నాకు సంగతి తెలిసింది. మగదాన్ని మగదానితోనే పోల్చాలి. అయితే మగవాటి ఏరివేత కఠినంగానే ఉండాలి. ఒక్క మగరొయ్య ఎన్నో ఆడవాటితో జతకడుతుంది కాబట్టి ఒక్క నాసిది మిగిలినా దాని జాడ తొట్టంతా కనిపిస్తుంది.

తొందరపాటు రెండో తప్పు. పిల్లలు పుట్టినప్పుడు అన్నీ వెలవెలబోతూనే ఉంటాయి. పెంకు మార్చిన మర్నాడు పెద్దవి కూడా తెల్లబోతాయి. ఒకటిన్నర సెంటీమీటర్లు దాటి, రెండున్నర మూడు నెలల వయసు వచ్చేదాకా తీర్పు ఇవ్వకూడదు. గోధుమ పిల్లలకు మాత్రం ఈ ఆగడం అక్కర్లేదు, కనిపించిన రోజే తీసేయాలి.

ఎంత ఏరాలన్నదానికి రెండు దారులున్నాయి. రంగులో పైన ఉన్న పదో వంతును మాత్రం ఉంచి మిగతావన్నీ తీసేసేవారున్నారు. రంగు వేగంగా ఎక్కుతుంది, కానీ గుంపు చిక్కిపోతుంది, ఒక్క వేసవి దెబ్బకు మొత్తం పోయే ప్రమాదం ఉంటుంది. రంగులో అడుగున ఉన్న పావువంతును మాత్రం తీసేసి మిగతావి ఉంచేవారు ఇంకో రకం. నిదానం, కానీ గుంపు ఎప్పుడూ బలంగా ఉంటుంది. మన వేసవి తెలిసినవాడిగా నేను రెండోదే పాటిస్తాను. ఆడరొయ్య ఒక్కో ఈతకు పాతిక గుడ్ల దాకా మోస్తుంది, నెల తిరక్కుండానే పిల్లలు దిగుతాయి. మంచివి మళ్లీ పుట్టేవరకు ఆగడానికి మనకు పోయేదేమీ లేదు.

రెండో తొట్టి అవసరం ఇక్కడే వస్తుంది. ఏరినవాటిని ఎక్కడ ఉంచుతాం? చంపడానికి నాకు చేతులు రావు. తీసుకెళ్లి ముడసర్లోవ జలాశయంలోనో, ఏ గెడ్డలోనో వదిలేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. ఈ జాతి పరాయి దేశపు నీళ్లలో ఇట్టే స్థిరపడి, అక్కడి జీవుల చోటు ఆక్రమించగలదు. పది, పదిహేను లీటర్ల చిన్న తొట్టి, ఒక స్పాంజ్ ఫిల్టరు, ఒక గుప్పెడు నాచు. ఖరీదైన మేత డబ్బా ఒకటి మానేస్తే వచ్చేస్తుంది.

సొంత వరసా, కొత్త రక్తమా?

మన జిల్లాల ఆక్వా రైతు వనామీ వేసేటప్పుడు ప్రతి పంటకూ హేచరీ నుంచి కొత్త సీడ్ తెస్తాడు. తల్లిరొయ్యల బాధ్యత అతనిది కాదు. మన తొట్టిలో అలా కాదు, హేచరీ మనమే. నాలుగైదు తరాలు అవే రొయ్యలు తమలో తాము జతకడితే రంగు స్థిరపడుతుంది. దాంతోపాటే గుడ్ల సంఖ్య తగ్గడం, పిల్లల సైజు కుంగడం వంటివి కనిపించవచ్చు.

బయటినుంచి కొత్తవి తెచ్చి కలిపితే ఆ లోటు తీరుతుంది. కానీ వాటి వెనక ఏముందో అమ్మినవారికే తెలియదు. ఒక్క దాగిన నీలం మూడు తరాల తర్వాత బయటపడి మన శ్రమంతా నీళ్లపాలు చేయగలదు. తల మీద తెల్ల పోగుల్లా కదిలే పరాన్నజీవులు కూడా వాటితోనే వస్తాయి.

నేను నడిచేది మధ్యదారి. ఒకే గుంపును రెండు తొట్లలో విడివిడిగా ఏరుతూ, ఏడాదికోసారి నాలుగైదు మగవాటిని అటూ ఇటూ మార్చుతాను. బయటివి తెస్తే ముందు నెలరోజులు వేరే తొట్టిలో ఉంచుతాను. తర్వాత వాటిలో రెండు ఆడవాటిని మాత్రం మన మగదానితో కట్టించి, ఆ పిల్లలు పెద్దవై రంగు చూపించాకే అసలు గుంపులోకి పంపుతాను. ఆరు నెలల పని. ఇంత తీరిక లేనివారు ఇదే రకం ఇదే ఊళ్లో పెంచుతున్న ఇంకొకరితో మార్పిడి చేసుకోవడం మంచిది. కనీసం నీరు ఒకటే, వరస చరిత్ర అడిగితే చెబుతారు.

మేత, అడుగు, దీపం

ఈ మూడింటిలో తొట్టి అడుగున పరిచేదానికి మొదటి స్థానం. నీటి గుణం మార్చని నల్లరాయి చెర్రీలకు చాలు, ఒక్కసారి ఖర్చు. భీమిలి వైపు తీరంలో ఇసుక మీద నల్లని మెరుపు పట్టీలు కనిపిస్తాయి, ఇల్మెనైట్ వంటి బరువైన ఖనిజాల ఇసుక అది. ఉచితంగా నల్ల అడుగు దొరికిందని సంచి నింపుకోవద్దు. ఉప్పుంటుంది, గవ్వల పొడి కలిసి ఉంటుంది, సన్నగా ఉండి గట్టిపడి కింద కుళ్లుతుంది.

మేతలో అస్టాజాంథిన్, స్పిరులినా ఉన్న గుళికలు వారానికి రెండుసార్లు చాలు. మిగతా రోజులకు ఇంట్లోనే సరుకుంది. ఎండబెట్టిన మునగాకు, ఒక్క పొంగు రానిచ్చిన పాలకూర, పలచని క్యారెట్ ముక్క. మార్కెట్ ఆకుల మీద పురుగుమందు ఉంటుందన్న అనుమానం నాకు ఎప్పుడూ ఉంటుంది. కుండీలో పెంచిన ఆకైతే నిశ్చింత. బాదం చెట్లు ఈ ఊళ్లో వీధివీధికీ ఉన్నాయి. ఎండి రాలిన ఆకును కడిగి, నానబెట్టి వేస్తే దాని మీద పుట్టే జిగురుపొరను పిల్లలు రోజుల తరబడి నమిలి బతుకుతాయి. ఆకు వల్ల రంగు రాదు, బతికి పెద్దయ్యే పిల్లలు పెరుగుతాయి. ఏరడానికి కావలసింది అదే. రెండు గంటల్లో తినలేకపోయిన గుళికను మాత్రం తీసేయాలి. వేసవిలో నీరు ఊరికే పాడవుతుంది.

దీపానికి విడిగా ఖర్చు పెట్టకండి. మామూలు తెల్ల ఎల్ఈడీ చాలు. రంగుల దీపం మన కంటిని మోసం చేస్తుంది, దాని కింద ఏరితే తప్పు రొయ్యలే మిగులుతాయి. తొట్టిలో గప్పీలుంటే మాత్రం వేరే చోటు చూడండి. పిల్లల్ని మింగుతాయి, పెద్దవి భయపడి నాచులో దాక్కుని పాలిపోతాయి.

రంగు మాట పక్కనపెట్టి ప్రాణం గురించి ఒక హెచ్చరిక. వానాకాలంలో వీధిలోకి దోమల పొగబండి వస్తే తొట్టి మీద తడిగుడ్డ కప్పి, ఎయిర్ పంపు కాసేపు ఆపండి. కిటికీలు మూసి, గాలి తేరుకున్నాక మళ్లీ పెట్టండి. చేపలు తట్టుకునే మోతాదుకే రొయ్యలు పోతాయి. ప్లగ్గుకు పెట్టే దోమల ద్రవం కూడా రొయ్యకు విషమే, తొట్టి ఉన్న గదిలో వద్దు. రాగి కూడా అంతే. రాగి బిందెలో రాత్రంతా నిలిచిన నీరు మనకు మంచిదేమో, రొయ్యకు కాదు. ఏసీ నుంచి కారే నీటికి టీడీఎస్ తక్కువ కదా అని పోసేవారున్నారు, అది రాగి గొట్టాల మీదుగా వచ్చిన నీరని మరిచిపోతారు. చేపలకు వేసే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది, సీసా మీద చదివి చూడాలి.

మొత్తానికి ఇప్పుడు నా దగ్గర బాల్కనీ తలుపు పక్కన ముప్పై లీటర్ల ఎర్ర తొట్లు రెండు, వంటింటి గట్టు మీద పన్నెండు లీటర్లది ఇంకొకటి ఉన్నాయి. నీలంవాటిని ఒక స్నేహితుడికి ఇచ్చేశాను. క్రిస్టల్ ఆశ పూర్తిగా పోలేదు. పడకగదిలో ఏసీ రాత్రిపూట మాత్రమే నడుస్తుంది కాబట్టి ఆ ఆశ అక్కడే ఆగింది.

వంటింటి తొట్టిలో ఉన్నవి ఏరివేసిన గోధుమవి, గాజువి. వాటిని ఎవరూ ఏరరు, లెక్కపెట్టరు. మొన్న పక్క ఫ్లాటు అబ్బాయి వచ్చి ఎర్ర తొట్ల ముందు అర నిమిషం, ఈ వంటింటి తొట్టి ముందు అరగంట కూర్చున్నాడు. "అంకుల్, వీటి గుండె కొట్టుకోవడం కనిపిస్తోంది. ఇవి నాకిస్తారా?" అన్నాడు. ఆదివారం రమ్మన్నాను, మూత ఉన్న డబ్బా తెచ్చుకోమన్నాను.